నల్లగా మెరిసేదల్లా గ్రానైట్ కాదు: కంటికి కనిపించే గుర్తులతో రాయి జాతి చెప్పడం ఎలా

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లు రాయి కొనడానికి వెళ్తే షాపులో రకరకాల పేర్లు వినిపిస్తాయి. టాన్ బ్రౌన్, బ్లాక్ గెలాక్సీ, తాండూరు బండ, కడప బండ, షాబాద్ రాయి, మార్బుల్. వీటిలో బ్లాక్ గెలాక్సీని అందరూ గ్రానైట్ అనే అంటారు, బిల్లు మీదా అలాగే రాస్తారు. నల్లటి రాయి మీద బంగారు చుక్కలుండే ఈ రకం ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల నుంచి వస్తుంది. అదే ముక్కను జియాలజిస్టు చేతికిస్తే గ్రానైట్ అనరు, గాబ్రో జాతి అంటారు. గ్రానైట్ అనిపించుకోవడానికి ఉండాల్సినంత క్వార్ట్జ్ (పలుగురాయి) ఇందులో లేదు. ఆ చుక్కలు బంగారమూ కావు, అభ్రకమూ కావు. బ్రాంజైట్ అనే ఖనిజం ముఖాల మీద వెలుతురు పడి అలా మెరుస్తాయి.

షాపువాళ్లు మోసం చేస్తున్నారని దీని అర్థం కాదు. వాళ్ల లెక్కలో గట్టిగా ఉండి, మంచి పాలిష్ పట్టే రాయి ఏదైనా గ్రానైటే. అది వాడకాన్ని బట్టి వచ్చిన పేరు. జియాలజీలో మాత్రం పేరు పెట్టేది రాయిలో కనిపించే మూడు విషయాలను బట్టి: రేణువులు ఎంత పెద్దవి, అవి ఏ ఖనిజాలు, ఒకదాని పక్కన ఒకటి ఎలా అమరాయి. రంగుకు ఈ మూడింటిలో చోటు లేదు. అడుగడుగునా గుట్టలు, ఇంటింటా నాలుగైదు రకాల బండలు ఉన్న హైదరాబాద్‌లో ఈ చూపును అలవాటు చేసుకోవడానికి లాబొరేటరీ అక్కర్లేదు.

పుట్టుక కనిపించదు

బడిలో రాళ్లు మూడు రకాలని చెబుతారు. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. ఇసుక, బురద, సున్నం లాంటివి పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. అప్పటికే ఉన్న రాయి కరగకుండానే వేడికీ ఒత్తిడికీ మారిపోతే రూపాంతర శిల. పరీక్షలో రాయడానికి ఇది చాలు. కాని ఈ మూడూ పుట్టుకను బట్టి పెట్టిన పేర్లు. గోల్కొండ కోట కింద ఉన్న గ్రానైట్ గట్టిపడి దాదాపు 250 కోట్ల ఏళ్లయింది, దాని పుట్టుక చూసినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు కళ్ల ముందున్నది రాయి ఒక్కటే. దాన్ని చూసే పుట్టుకను ఊహించాలి, ఆ ఊహకు సాక్ష్యం ఆ రాయిలోనే చూపించాలి.

ఈ వరస తప్పితే ఏమవుతుందో శాస్త్ర చరిత్రలోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో జర్మనీలోని ఫ్రైబెర్గ్ మైనింగ్ అకాడమీలో పాఠాలు చెప్పిన అబ్రహాం వెర్నర్ ఆ కాలానికి చాలా పెద్ద పేరు. ఖనిజాలను రంగు, మెరుపు, గట్టిదనం చూసి గుర్తించే పద్ధతులను ఆయన శ్రద్ధగా తయారుచేశాడు. అవి చాలా కాలం నిలిచాయి. భూమినంతా కప్పిన ఆది సముద్రంలోంచి మొట్టమొదట పేరుకున్న రాయి గ్రానైట్ అని కూడా ఆయన బోధించాడు. అది నిలవలేదు. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో జేమ్స్ హటన్ ఎర్రటి గ్రానైట్ చారలు పక్కనున్న ముదురు రంగు రాయిలోకి చొచ్చుకుపోయి ఉండటం చూశాడు. గ్రానైటే అన్నిటికన్నా ముందు పుట్టి ఉంటే, ఇంకో రాయి పగుళ్లలోకి అలా దూరడం కుదరదు. ఆ రాయి అప్పటికే అక్కడ ఉండాలి, గ్రానైట్ కరిగిన స్థితిలో వచ్చి దూరి ఉండాలి. వెర్నర్ వర్ణనలు పనికొచ్చాయి, పుట్టుక గురించి ముందే పెట్టుకున్న నమ్మకం పనికిరాలేదు.

20వ శతాబ్దంలో అగ్నిశిలల పేర్లను ప్రపంచమంతటికీ ఒకే తీరుగా ఉంచడానికి అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘాల సమాఖ్య ఒక కమిటీ వేసింది. స్విట్జర్లండ్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ స్ట్రెకైజెన్ దానికి నాయకత్వం వహించాడు. ఆ కమిటీ పెట్టుకున్న ముఖ్యమైన నియమం సూటిగా ఉంటుంది: రాయి ఇప్పుడు ఎలా ఉందో చూసి పేరు పెట్టాలి, ఒకప్పుడు ఏమై ఉంటుందో ఊహించి పెట్టకూడదు. ఈ రంగంలో ఉన్న నియమాల్లో ఇంతకన్నా విలువైనది ఇంకొకటి లేదు.

తాజాగా పగిలిన ముఖం

గుట్ట మీది బండను పైపైన చూస్తే కనిపించేది ఎండకూ వానకూ మారిపోయిన చర్మం మాత్రమే. ఇనుము తుప్పు పట్టి గోధుమ రంగు, నాచు ఎండి నలుపు. అందుకే జియాలజిస్టు దగ్గర సుత్తి ఉంటుంది. తాజాగా పగిలిన ముఖం మీదే పరీక్ష మొదలవుతుంది. దానికి తోడు 10 రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఒక చాకు, డ్రాపర్ సీసాలో నీళ్లు కలిపి పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఒక అయస్కాంతం. ఫీల్డులో ప్రాథమిక గుర్తింపుకు ఇవి సరిపోతాయి. హైదరాబాద్‌లో ఆ సుత్తి కూడా అవసరం పడదు. ఏ కాలనీలో చూసినా ఏదో ఒక బిల్డింగ్ పని నడుస్తూ ఉంటుంది, ముందు కంకర కుప్ప ఉంటుంది. క్రషర్ నుంచి వచ్చిన కంకర ముక్కకు అన్ని వైపులా తాజా ముఖాలే.

అలాంటి ముక్కను ఎండలో పట్టుకుని నెమ్మదిగా తిప్పితే ఒక్కో కోణంలో ఒక్కో తళుకు కనిపిస్తుంది. ఒక్కో తళుకు ఒక్కో స్ఫటికం ముఖం. ఆ ముఖాలు భూతద్దం లేకుండానే కనిపిస్తే అది ముతక రేణువుల రాయి. చక్కెర పాకాన్ని కదపకుండా నిదానంగా చల్లారనిస్తే పటికబెల్లం పెద్ద పెద్ద పలుకులు కట్టినట్టే, శిలాద్రవం కూడా ఎంత నిదానంగా చల్లారితే అంత పెద్ద స్ఫటికాలు కడుతుంది. హైదరాబాద్ గ్రానైట్‌లో రేణువులు మామూలుగా కొన్ని మిల్లీమీటర్లు ఉంటాయి, కొన్ని చోట్ల సెంటీమీటరు దాటిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలుకులూ ఉంటాయి. అంటే ఇది కొన్ని కిలోమీటర్ల లోతున, చుట్టూ వేడి రాళ్ల మధ్య, చాలా కాలం పాటు చల్లారిన రాయి. ఇవాళ బంజారాహిల్స్‌లో అది నేల మీద కనిపిస్తోందంటే పైనున్న అంత మందం రాయీ అరిగి కొట్టుకుపోయిందని అర్థం. రేణువుల పరిమాణం అనే చిన్న విషయం నుంచి ఇంత పెద్ద సంగతి వస్తుంది.

నగరం నుంచి పడమరకు వికారాబాద్ వైపు వెళ్తే నేల రంగు మారుతుంది. నల్లరేగడి మొదలవుతుంది. అక్కడి రాయి బసాల్ట్. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ అంతటా పరుచుకున్న లావా ప్రవాహాల అంచు అది. లావా నేల మీద త్వరగా చల్లారింది కాబట్టి స్ఫటికాలు పెరగడానికి సమయం దొరకలేదు. పగిలిన ముఖం నల్లగా, సమంగా ఉంటుంది, రేణువులు విడివిడిగా కనిపించవు. కొన్ని ముక్కల్లో చిన్న చిన్న గుంటలు ఉంటాయి, లావాలోంచి గ్యాస్ బయటికి పోతూ వదిలిన ఖాళీలు అవి. తర్వాత నీళ్లు పారి వాటిలో తెల్లటి ఖనిజాలు నిండి ఉంటాయి. గుంటలున్న రాయి భూమి లోతుల్లో గట్టిపడింది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లావా ఇంకా వేగంగా చల్లారితే స్ఫటికమే కట్టదు, గాజు అవుతుంది. దాన్ని అబ్సిడియన్ అంటారు.

ఈ రెండింటికీ మధ్య ఒక రాయి ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లటి గోడల్లా సాగే రాళ్ల వరసలను డైక్‌లు అంటారు. వాటిలో ఎక్కువ భాగం డోలరైట్. బసాల్ట్, డోలరైట్, గాబ్రో మూడింటిలోనూ ముఖ్యమైన ఖనిజాలు ఒకటే: ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్. తేడా అంతా రేణువుల పరిమాణంలో ఉంది. బసాల్ట్‌లో అవి కంటికి ఆనవు, డోలరైట్‌లో భూతద్దంతో తెలుస్తాయి, గాబ్రోలో ఊరికే చూసినా కనిపిస్తాయి. చీమకుర్తి రాయి ఈ మూడోది. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల శిల్పాలకు కాకతీయ శిల్పులు ఎంచుకున్న నల్లరాయి ఇదే కుటుంబంలోది. సన్నటి రేణువులు, గట్టి అల్లిక ఉండటం వల్లే నగల పూసలు, వేళ్ల గోళ్లు దాకా చెక్కగలిగారు, అంచులు ఇప్పటికీ అరగలేదు. ముతక గ్రానైట్‌లో అంత సన్నటి పని చేయబోతే రేణువు రేణువుగా ఊడి వస్తుంది. గుడి ఒంటికి ఎక్కువగా వాడింది ఎర్రటి ఇసుకరాయి. ఏ రాయి ఏ పనికి పనికొస్తుందో ఆ శిల్పులు చేత్తో తెలుసుకున్నారు.

పింక్, గ్రే, వైట్

రేణువులు కనిపించే రాయిలో రెండో ప్రశ్న, ఏ ఖనిజాలు అని. హైదరాబాద్ గ్రానైట్‌లో ముఖ్యంగా నాలుగు చూడాలి. బూడిద రంగులో, గాజు పెంకు పగిలినట్టు వంకర ముఖాలతో ఉండేది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. దానికి పగిలే దారంటూ ఒకటి ఉండదు, ఎటుపడితే అటు పగులుతుంది. గులాబీ రంగులో చదునైన ముఖాలతో మెరిసేది పొటాష్ ఫెల్డ్‌స్పార్. తెల్లగానో లేత బూడిద రంగులోనో ఉండి, భూతద్దంలో ముఖం మీద సన్నటి సమాంతర గీతలు కనిపిస్తే అది ప్లేజియోక్లేజ్. నల్లగా, గోరుతో గీకితే రేకులుగా లేచేది బయొటైట్, అంటే నల్ల అభ్రకం. కొన్ని చోట్ల రేకులు లేవని నల్లటి హార్న్‌బ్లెండ్ కూడా ఉంటుంది.

నగరంలో పింక్ గ్రానైట్, గ్రే గ్రానైట్ రెండూ ఉన్నాయి. చూడగానే తెలిసేది రంగు కాబట్టి ఈ పేర్లు వాడుకలో ఉన్నాయి, జియాలజిస్టుల నోటా వినిపిస్తాయి. కాని ఆ రంగు వెనక ఉన్నది ఖనిజాల పాలు. పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఎక్కువైతే పింక్, ప్లేజియోక్లేజ్ ఎక్కువైతే గ్రే. కమిటీ నియమం ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. నల్ల ఖనిజాలను పక్కన పెట్టి క్వార్ట్జ్‌నూ రెండు రకాల ఫెల్డ్‌స్పార్‌నూ కలిపి 100 అనుకుంటే, క్వార్ట్జ్ 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. తర్వాత ఫెల్డ్‌స్పార్‌లో ప్లేజియోక్లేజ్ వాటా చూస్తారు. అది 10 నుంచి 65 శాతం మధ్య ఉంటే గ్రానైట్. 65 దాటి 90 లోపు ఉంటే గ్రానోడయొరైట్. 90 దాటితే టోనలైట్. హైదరాబాద్ గ్రే రాయిలో కొంత భాగం ఈ గీత దాటి గ్రానోడయొరైట్ కిందికి వస్తుంది. ప్రకృతిలో అక్కడ గీత ఏమీ లేదు, ఒకటి ఇంకోదానిలోకి మెల్లగా మారుతుంది. గీత గీసింది మనుషులు, ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థం కావడానికి.

రంగును నమ్మితే ఎలా తప్పుతామో తెల్ల రాళ్ల దగ్గర బాగా తెలుస్తుంది. గ్రానైట్ గుట్టల్లో తెల్లటి చారలుగా కనిపించే పలుగురాయి, పెగ్మటైట్ అనే పెద్ద పలుకుల రాయిలోని తెల్ల ఫెల్డ్‌స్పార్, గుళ్లకు వాడే పాలరాయి, మూడూ తెల్లనివే. చాకుతో గీకితే పాలరాయి మీద గీత పడుతుంది, మిగతా రెండింటి మీద చాకు ఇనుమే అరిగి నల్ల గీతగా మిగులుతుంది. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఇచ్చిన గట్టిదనం కొలమానంలో పాలరాయిలోని కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. మామూలు స్టీలు చాకు 5.5 దగ్గర ఉంటుంది. ఇక ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ తేడా తెలియడానికి పగిలిన ముఖం చూస్తే చాలు, చదునుగా మెట్లు మెట్లుగా ఉంటే ఫెల్డ్‌స్పార్. చాకు లేకపోతే యాసిడ్. ఒక్క చుక్క వేయగానే కాల్సైట్ బుసబుసా పొంగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. కాల్సైట్‌ను పోలిన డోలమైట్ అనే ఖనిజం అయితే పొడి చేసి వేస్తేనే పొంగుతుంది. మిగతా రెండూ కదలవు. వంటింట్లో కూడా ఈ పరీక్ష రోజూ జరుగుతూనే ఉంటుంది. మార్బుల్ ప్లాట్‌ఫాం మీద నిమ్మరసం పడి అలాగే ఉంటే పాలిష్ పోయి మచ్చ మిగులుతుంది. కడప బండ మీదా అంతే, ఎందుకంటే అదీ సున్నపురాయే. అసలు గ్రానైట్ మీద నిమ్మకాయ ప్రభావం అంతగా ఉండదు.

ఇక్కడ కంకరతో పాటు మొరం సంగతీ చెప్పుకోవాలి. ఇళ్ల పునాదుల్లోంచి తవ్వి తీసే ఎర్రటి గరుకు మొరం చాలా చోట్ల గ్రానైటే, ఉన్న చోటే కుళ్లిన గ్రానైట్. ఫెల్డ్‌స్పార్ నెమ్మదిగా బంకమట్టిగా మారిపోతుంది, క్వార్ట్జ్ మారదు. గుప్పెడు మొరం నీళ్లలో కడిగితే మట్టి పోయి అడుగున మిగిలే గరుకు పలుకుల్లో ఎక్కువ క్వార్ట్జే. వాన ఆ పలుకులను వాగులోకి, మూసీలోకి చేరుస్తుంది. అవక్షేప శిలలకు ముడిసరుకు తయారయ్యేది ఇలాగే.

నౌబత్ పహాడ్ మీద మూడు జాతులు

మూడు జాతులనూ ఒక్క పూటలో చూడాలంటే హుస్సేన్ సాగర్ పక్కనున్న నౌబత్ పహాడ్ కన్నా మంచి చోటు లేదు. గుట్ట గ్రానైట్. దాని మీద 1976లో పూర్తయిన బిర్లా మందిర్‌కు రాజస్థాన్ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి వాడారు, అది రూపాంతర శిల. ఒకప్పుడు సున్నపురాయిగా ఉన్నది వేడికీ ఒత్తిడికీ లోలోపల మళ్లీ స్ఫటికాలు కట్టింది. అందుకే పాలరాయి తాజా ముఖం మీద మెరిసే చిన్న ముఖాలు కనిపిస్తాయి, మామూలు సున్నపురాయిలో ఇవి కనిపించవు. ఆ పక్కనే బిర్లా సైన్స్ మ్యూజియంలో గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం ఉంది. జురాసిక్ కాలపు ఆ ఎముకలు అవక్షేప శిలల్లో దొరికాయి. గ్రానైట్‌లో ఎముక దొరకదు, కరిగిన ద్రవంలో అది మిగలదు. రాయిలో శిలాజం కనిపించడం కూడా ఒక గుర్తే, అది దాదాపు ఎప్పుడూ అవక్షేప శిల వైపే చూపిస్తుంది.

అవక్షేప శిలల్లోనూ మొదట చూసేది రేణువులే, కాకపోతే ఇక్కడ వాటి అర్థం వేరు. చల్లారిన వేగాన్ని కాకుండా, మోసుకొచ్చిన నీటి బలాన్ని అవి చెబుతాయి. 1922లో అమెరికాకు చెందిన చెస్టర్ వెంట్‌వర్త్ ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 2 మిల్లీమీటర్ల నుంచి 0.0625 మిల్లీమీటర్ల దాకా ఇసుక. 2 దాటితే గులకరాళ్ల వైపు. 0.0625 కన్నా తక్కువైతే ఒండ్రు, 0.004 కన్నా తక్కువైతే బంకమట్టి. ఈ చివరి రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. అందుకని ఫీల్డులో ఉన్న జియాలజిస్టులు చిన్న పలుకును పళ్ల మధ్య పెట్టి చూస్తారు. కరకరలాడితే ఒండ్రు, జారుగా ఉంటే బంకమట్టి. రేణువుల మూలలు గుండ్రబడ్డాయా, వాడిగానే ఉన్నాయా అన్నదీ ముఖ్యం. వాడిగా ఉండి, త్వరగా కుళ్లిపోయే ఫెల్డ్‌స్పార్ ఇంకా మిగిలి ఉంటే ఆ ఇసుక ఎక్కువ దూరం ప్రయాణించలేదన్నమాట.

తాండూరు బండలో ఏ రేణువూ కనిపించదు, అంత సన్నటి సున్నపు బురద పేరుకుని ఏర్పడిన సున్నపురాయి అది. తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటానికి కారణం ఇదే రాయి. దాని అసలు గుర్తు పొరలు. క్వారీలో ఉలి పెట్టి కొడితే పొర వెంట చదునుగా లేచి వస్తుంది, పెద్దగా కోయాల్సిన పనే లేదు.

చదునుగా లేచే రాయి ఇంకోటి ఉంది, మార్కాపురం పలక. పాత తరం పిల్లలంతా అక్షరాలు దిద్దింది దాని మీదే. పైకి చూస్తే ఈ రెండూ ఒకే రకంగా చీలుతున్నట్టే ఉంటాయి, కారణాలు మాత్రం పూర్తిగా వేరు. తాండూరు బండ చీలేది బురద ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరల వెంట. పలకరాయి అసలు బురదరాయి. భూమి లోపల పక్కనుంచి వచ్చిన ఒత్తిడికి అందులోని సన్నటి అభ్రకం రేకులు ఒత్తిడికి అడ్డంగా తిరిగి వరసలో నిలబడ్డాయి, పలక ఆ వరసల వెంట చీలుతుంది. పాత పొరలు వేరే దిక్కులో ఉండిపోతాయి. కొన్ని పలకల ముఖం మీద రంగు చారలు ఏటవాలుగా సాగుతూ కనిపిస్తే అవి ఆ పాత పొరలే. ఒకే రాయిలో రెండు దిక్కులు: ఒకటి నీటి అడుగున పడింది, ఇంకోటి పర్వతాలు కట్టే ఒత్తిడి పెట్టింది. రాళ్లను చూడటంలో ఇంత స్పష్టంగా అందం తెలిసే చోట్లు తక్కువ. యాసిడ్ చుక్క వేసినా తేడా వెంటనే బయటపడుతుంది, తాండూరు బండ పొంగుతుంది, పలక పొంగదు.

ఒత్తిడి, వేడి ఇంకా పెరిగితే అభ్రకం రేకులు కంటికి కనిపించేంత పెరిగి షిస్ట్ అవుతుంది. ఇంకా పెరిగితే తెల్లటి, నల్లటి ఖనిజాలు విడిపోయి పట్టీలు కడతాయి, అది నైస్. నైస్‌లోనూ గ్రానైట్‌లోనూ ఖనిజాలు చాలావరకు ఒకటే. అమరిక ఒక్కటే తేడా. గ్రానైట్‌లో రేణువులకు దిక్కు ఉండదు, నైస్‌లో ఉంటుంది.

పేరు మిగిలింది, వాదం మారింది

తూర్పు కనుమల వైపు వెళ్తే సింహాచలం కొండ, విశాఖ కైలాసగిరి ఖోండలైట్ అనే రాయి. గార్నెట్, సిలిమనైట్ ఖనిజాలుండే ఈ రాయికి ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. సిలిమనైట్ అల్యూమినియం ఎక్కువగా ఉన్న ఖనిజం. అది ఇంత మోతాదులో ఉందంటే మూలపదార్థం బంకమట్టి అయి ఉండాలి, అది చాలా ఎక్కువ వేడికి గురై ఉండాలి. అలాంటిదే చార్నోకైట్. కలకత్తా సెయింట్ జాన్స్ చర్చిలో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని పరిశీలించి 1893లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన థామస్ హాలండ్ ఈ పేరు పెట్టాడు. ఆ రాయి మద్రాసు దగ్గరి పల్లావరం ప్రాంతానిది. హాలండ్ దాన్ని అగ్నిశిల అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది రూపాంతర శిల అన్నారు. ఇప్పుడు రెండు దారుల్లోనూ ఏర్పడవచ్చని ఒప్పుకుంటున్నారు. ఇంత వాదం నడిచినా పేరు మారలేదు. అది హైపర్‌స్థీన్ అనే పైరాక్సీన్ ఉన్న గ్రానైట్ లాంటి రాయి అన్న వర్ణనకు కట్టుబడి ఉంది, పుట్టుక మీద ఆధారపడలేదు.

మూడు జాతుల్లో ఎక్కడా ఇమడని రాయి కూడా హైదరాబాద్‌కు దగ్గరలోనే ఉంది. మూసీ పుట్టే అనంతగిరి కొండల పైభాగం ఎర్రటి లాటరైట్. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో చూసి ఈ పేరు పెట్టాడు. బసాల్ట్ వేడి, తేమ వాతావరణంలో చాలా కాలం కుళ్లి, కరిగేవన్నీ నీళ్లతో పోగా ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టిపడిన పదార్థం ఇది. కరిగి చల్లారింది కాదు, ఎక్కడినుంచో కొట్టుకొచ్చి పేరుకున్నది కాదు, ఒత్తిడికి మారిందీ కాదు. రంధ్రాలు, ఎర్ర రంగు, తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడటం, ఇవి చెబితే చాలు, ఏ గూట్లో పెట్టాలన్న గొడవ తర్వాత చూసుకోవచ్చు.

కంటి చూపుకు హద్దులు లేవని కాదు. రేణువులు కనిపించని నల్లరాయి బసాల్టా, ఆండిసైట్ అనే ఇంకో లావా రాయా అన్నది భూతద్దంతో తేలదు. సిలికా శాతం కొలవాలి, 52 శాతం దగ్గర గీత ఉంది. 19వ శతాబ్దం మధ్యలో హెన్రీ సార్బీ రాయిని వెలుతురు దాటిపోయేంత పలుచగా అరగదీసి మైక్రోస్కోప్‌లో చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ మందం 0.03 మిల్లీమీటర్లు. ఒకే తలంలో కంపించే వెలుతురులో (పోలరైజ్డ్ లైట్) చూస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్‌లను విడివిడిగా గుర్తుపట్టవచ్చు. బండ్లగూడలోని జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థలో, ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో, ఉస్మానియా జియాలజీ విభాగంలో జరిగే పనికి అలాంటి పలుచటి ముక్కలు ఎంతో ముఖ్యం. అయితే ఆ ముక్క ఎక్కడిదో, దాని పక్కన ఏముందో ఫీల్డులో రాసుకున్న నోట్సు లేకపోతే మైక్రోస్కోప్ చెప్పేది సగమే.

హైదరాబాద్ గుట్టల విషయంలో ఆందోళన కలిగించేది ఇదే. ఖాజాగూడలో, గచ్చిబౌలిలో గుట్టలు పేల్చి కంకర చేసినప్పుడు గ్రానైట్ ముక్కలకు కొరత రాదు, అవి లారీల కొద్దీ మిగులుతాయి. పోయేది పక్కపక్కన ఉండటం. గ్రే గ్రానైట్‌ను పింక్ చార కోసిందా, పింక్‌ను గ్రే కోసిందా, డైక్ రెండింటినీ కోసిందా, గ్రానైట్‌లో చిక్కుకున్న పాత నల్లరాయి ముక్క అంచు పదునుగా ఉందా, కరిగి కలిసిపోయిందా. కోసేది తర్వాత వచ్చింది, కోయబడింది ముందు నుంచీ ఉంది. హటన్ గ్లెన్ టిల్ట్‌లో చదివింది ఈ అక్షరాలే. కంకర కుప్పలో ఖనిజాలన్నీ ఉంటాయి, ఈ వరస ఉండదు. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ ఆవరణలో, దుర్గం చెరువు చుట్టూ మిగిలిన బండలను కాపాడాలని అడిగేవాళ్లు అందం గురించే ఎక్కువ మాట్లాడతారు. శాస్త్రం వైపు నుంచి ఉన్న కారణం అంతకన్నా బలమైనది.

పక్కపక్కన ఉండటం ఎంత విలువైనదో వికారాబాద్ దగ్గరి నాస్కల్ గ్రామం చూపిస్తుంది. అక్కడ నల్లటి బసాల్ట్ ప్రవాహాల మధ్య బసాల్ట్ కాని ఒక పలుచటి పొర ఉంది. రేణువులు వేరు, పొరలు కట్టిన తీరు వేరు. అది ఒక లావా ప్రవాహానికీ తర్వాతి దానికీ మధ్య విరామంలో మంచినీటి మడుగుల్లో పేరుకున్న బురద. ఆ మట్టిని కడిగి జల్లెడ పడితే ఇసుక రేణువులంత చిన్న పళ్లు దొరికాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని వాటిని క్షీరదాల పళ్లుగా గుర్తించి ప్రకటించారు. డైనోసార్లు బతికిన చివరి కాలమైన క్రెటేషియస్ నాటి క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదటిసారి. దానికి దక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు.